వేరు లేని పాలపన్ను

సుగుణ చేతిరుమాలు విప్పి టేబుల్ మీద పెట్టింది. అందులో ఒక చిన్న పన్ను ఉంది.

"ఇదేంది, డాక్టర్ సాబ్?"

రాజేశం పన్ను వంక చూశాడు. తర్వాత సుగుణ వంక చూశాడు. రెండోసారి చూపు కాస్త ఎక్కువసేపే ఆగింది.

"పన్ను," అన్నాడు.

"అది నాకు తెలుసు. దీని వేరు ఏది?"

1938, భాద్రపద మాసం. కామారెడ్డి స్టేషన్ దగ్గర ఒకే ఒక్క గదిలో రాజేశం పళ్ళ వైద్యం మొదలుపెట్టి రెండేళ్ళయింది. పోయిన దసరా ముందు సుగుణ తన అన్న కూతురు చంద్రిని ఎల్లారెడ్డి నుంచి అక్కడికి తీసుకొచ్చింది. ఆరేళ్ళ చంద్రి కల్లంలో బోర్లా పడితే ముందరి పాలపన్ను నల్లబడి, చిగురు మీద చీముగడ్డ లేచింది. ఇంట్లో అందరూ పీకించెయ్యమన్నారు. సుగుణ ఒక్కతే వద్దంది.

రాజేశం పన్ను లోపలి కుళ్ళంతా తీశాడు. అయడోఫారం అనే ఘాటు వాసన పసుపురంగు పొడిని ముద్దగా కలిపి వేరు చివరిదాకా నింపాడు. దానికి మూడుసార్లు వస్తే చాలు. నాలుగోసారి కూడా రమ్మన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అడగలేదెందుకని అతను పది నెలలుగా ఆలోచిస్తూనే ఉన్నాడు.

"నిన్న ఆ పన్ను ఊడింది," అంది సుగుణ. "డాక్టర్ మందు పెట్టిన పన్ను గదా అని దాచిన. చూస్తే వేరూ లేదు, మందూ లేదు. మందు వేరును తిన్నది, ఇగ దవుడను తింటదని మా బాపు అంటున్నడు. ఇది కరిగే మందని ఆ రోజు మీరే చెప్పిండ్రు."

"చెప్పిన. కరగాలె గూడ."

"అందుకే ఈ సంబంధం వద్దన్నడు."

రాజేశం చేతిలోని దూది కిందపడింది. "ఏ సంబంధం?"

"మన సంబంధం."

"మన సంబంధం ఎప్పుడు కుదిరింది?"

"కుదరలే. మాటలల్ల ఉండె. మీ అమ్మ అంజవ్వ రాజంపేట నుంచి రెండుసార్లు అచ్చిపోయింది. మీకు చెప్పలేదా?"

"లేదు."

"మీరే పంపిండ్రనుకున్న," అంది సుగుణ. ఆమె ముఖం ఎర్రబడింది. కోపంతోనో ఇంకెందుకో, రాజేశానికి అంతు చిక్కలేదు.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట తనకు తెలియకుండానే ఎల్లారెడ్డి దాకా పోయింది. అక్కడ కుదరబోయి విరిగింది కూడా. ముందు సంతోషించి తర్వాత బాధపడాలా, నేరుగా బాధపడాలా?

"పొద్దుగూకితే బాపు రాజంపేటకు మనిషిని పంపుతడు, వద్దని చెప్పనీకి. మీరు నిజం చెప్పుండ్రి. మా పిల్లకు ఏమన్న అయితదా?"

"ఏంగాదు. లోపల కొత్త పన్ను పెరుగుతుంటే పాలపన్ను వేరు దానంతటదే కరిగిపోతది. దాంతోపాటు మందు గూడ కరగాలె. గట్టి సిమెంటు పెడితే అది మిగిలిపోయి కొత్త పన్నుకు అడ్డం పడుతది. ప్రతి పాలపన్ను గిట్ల వేరు లేకుంటనే ఊడుతది."

"అబద్ధం. మా తాత పన్ను పీకినప్పుడు చూసిన. ఇంత పొడుగు వేరుండె."

"అది పెద్దోళ్ళ పన్ను. ఊడిన పాలపన్ను ఎప్పుడన్న చూసిండ్రా?"

"మా ఇంట్ల ఎంతమంది పిల్లలు పెరగలే?"

"ఊడినంక ఏం చేస్తరు?"

"పేడముద్దల పెట్టి ఇంటి మీదికి ఏస్తం."

"పెట్టెటప్పుడు తిప్పి చూస్తరా?"

సుగుణ రుమాలులోని పన్ను వంక చూసింది. "ఎవ్వలు చూస్తరు? ఊడంగనే అవ్వ గుంజుకొని పేడల పెడుతది."

బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న ఎంకవ్వ, సుగుణ నాయనమ్మ, కళ్ళు తెరిచింది. "బస్సు పోతది, బిడ్డా."

"చంద్రికి పక్క పన్ను ఉన్నదా?" అడిగాడు రాజేశం.

"ఊగుతున్నది."

"దానికి నేను మందు పెట్టలే." అతను తాళంచెవి తీశాడు. "నేనూ వస్తున్న."

బస్సులో ఆడవాళ్ళు ముందు, అతను వెనక. దారంతా వాన. సుగుణ మూడుసార్లు వెనక్కి తిరిగింది. మొదటిసారి కోపం. రెండోసారి జాలి. మూడోసారి ఏమిటో తేల్చుకునేలోపు బస్సు గుంతలో పడి అతని తల పైకప్పుకు తగిలింది.

ఎల్లారెడ్డిలో సుగుణ తండ్రి హన్మంతు పటేలు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. కూతురు చెప్పిందంతా విని మీసం దువ్వాడు.

"నా మనుమరాలి పన్ను నువ్వు ముట్టొద్దు, డాక్టరూ. దానంతటదే ఊడాలె. వేరుతోటి ఊడితే మనిషి రాజంపేటకు పోతడు. వేరు లేకుంట ఊడితే నా మాట నేనే ఎనుకకు తీసుకుంట."

"సరే, పటేలా."

చంద్రి రెండు చేతులతో నోరు మూసుకుని స్తంభం వెనక్కి పోయింది.

గంట గడిచింది. వాన తగ్గలేదు. తిరుగు బస్సు పోయింది. ఏడేళ్ళ పిల్ల పంటి కోసం తన పెళ్ళి ఆగిందో, తన పెళ్ళి కోసం ఆ పిల్ల పన్ను ఆగిందో రాజేశానికి అర్థం కావడం మానేసింది.

సుగుణ వంటింట్లోంచి కాల్చిన మక్కకంకి పట్టుకొచ్చింది. "తింటవా, చంద్రీ?"

చంద్రి చేతులు నోటి మీది నుంచి దిగాయి. రెండో కొరుకుకు పన్ను కంకిలోనే ఉండిపోయింది.

పటేలు లేచాడు. రాజేశం లేచాడు. వాళ్ళిద్దరికంటే ముందు ఎంకవ్వ లేచింది. కంకిలోంచి పన్ను పెరికింది, సిద్ధంగా ఉన్న పేడముద్దలో కుక్కింది, వాకిట్లోకి పోయి పైకి విసిరింది. గూనపెంకుల మీద దప్పుమని శబ్దం.

"అవ్వా, ఏం పనిచేసినవే?" అంది సుగుణ.

"ఏంజేసిన? ఎప్పుడు చేసేదే చేసిన."

పటేలు మళ్ళీ కూర్చున్నాడు. "ఇగ అయిపాయె. పన్నూ పాయె, పంచాయితీ పాయె. మనిషిని పిలుస్త."

రాజేశం చెప్పులు విప్పి గోడ ఎక్కాడు.

తడిసిన పెంకులు జారుతున్నాయి. పాకుతూ పోయి ముద్దను పట్టుకున్నాడు. వాన నీళ్ళకు పేడ కరిగి పన్ను తెల్లగా బయటపడింది. తిప్పి చూశాడు. కింద ఖాళీ గిన్నెలాంటి గుంత, అంతే.

"పటేలా, వేరు లేదు."

"నీ చేతుల ఉన్నది గద. నువ్వే ఇరగ్గొట్టినవేమో, నాకేమెరుక?"

రాజేశం కిందికి దిగబోయి జారాడు. పట్టు కోసం పెంకుల సందులో వేళ్ళు పెట్టాడు. ఏదో గట్టిగా తగిలింది. తీస్తే ఇంకో పన్ను, పాతది, గోధుమరంగుకు తిరిగింది. పక్క సందులో మరొకటి. ఆ పక్కన ఇంకొకటి. ఏ ఒక్కదానికీ వేరు లేదు.

"కండువా పట్టుండ్రి," అని ఒక్కొక్కటే కిందికి వదిలాడు.

పటేలు వాటిని అరచేతిలో పోసుకుని బోర్లించి చూశాడు, తిప్పి చూశాడు. "ఇవి ఎవ్వలయే, అవ్వా?"

"ఎవ్వలయో," అంది ఎంకవ్వ. "నీయి గూడ ఉంటయ్. నువ్వు ఈ ఇంట్లనే పుట్టినవు గద."

పటేలు నాలుకతో తన పళ్ళను తడుముకుంటున్నాడు.

సుగుణ వానలోకి వచ్చి తల పైకెత్తింది. నుదుటి మీది నీళ్ళు తుడుచుకోలేదు.

"ఇంత జరిగింది గని, నిన్నెవ్వలు అడుగలే," అంది. మీరు అనడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. "నీకు ఇష్టమేనా?"

"ఇష్టం లేకుంటే వానల ఇంటి మీదికి ఎందుకెక్కుత?"

ఆ మాట అంటూ అతను ముందుకు వంగాడు. మోకాలి కింద పెంకు పటుక్కుమంది. దాని పక్కది కూడా.

హన్మంతు పటేలు పళ్ళను కండువాలో మూటగట్టి బొడ్లో దోపుకున్నాడు.

"దిగు, అల్లుడా. పెంకులన్ని పలుగుతున్నయ్."