నల్లగుంటలో నురుగు

బోగోలు నుంచి సముద్రం వైపు పోయే ఇసుక బాటలో, బొగ్గు ప్లాంటు వెనక ఒక గుంట ఉండేది. నల్లగుంట అనేవాళ్లు. పొద్దుగూకినాక ఆ పక్కకు ఎవరూ పోయేవాళ్లు కాదు. చేపలమ్మి తిరిగొచ్చే ఆడవాళ్లు కూడా, ముళ్లు గుచ్చుకున్నా సరేనని, తుమ్మల్లో పడి చుట్టు తిరిగి మా పాలెం చేరేవాళ్లు.

ఇది మా అవ్వ మాలకొండమ్మ చెప్పింది. అరవై రెండో, అరవై మూడో... ఆమెకు సంవత్సరం గుర్తులేదు. మిగతాదంతా గుర్తుంది.

ఆ ప్లాంటులో పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు పంపే బొగ్గును కడిగేవాళ్లు. కడిగిన నల్లనీళ్లు గుంటలోకి పోయేవి. పైన చూస్తే నీళ్లు... కింద జావలాంటి బొగ్గు బురద. ఎంత లోతో ఎవరికీ తెలియదు.

కార్తీకంలో గాలివాన కొట్టిన రాత్రి, గుంట పొంగుతుందని గట్టు తెంచడానికి పోయినాడు పోలేరయ్య. ప్లాంటులో కూలి. మళ్లీ రాలేదు. గెడలు వేసి వెతికినారు. దొరకలేదు.

"మద్రాసు రైలెక్కి ఉంటాడు. అక్కడ ఎవతో ఉందంట," అన్నాడు ప్లాంటు మేస్త్రీ. ఆ మాట పాలెమంతా పాకింది.

అతని పెండ్లాం కామాక్షమ్మది మా అవ్వకు పక్కిల్లే. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పలేకపోయినారు.

ఎండలు ముదిరేసరికి గుంట దగ్గర ఊపిరి వినపడడం మొదలైంది. బుస్... బుస్... కాసేపు ఆగి, మళ్లీ బుస్... దాంతోపాటు నీలగిరి తైలం వాసన.

పోలేరయ్యకు బొగ్గు దుమ్ముతో ఆయాసం ఉండేది. పడుకోబోయే ముందు రొమ్ముకు ఆ తైలమే రుద్దుకునేవాడు. ఇంకేం కావాలి జనానికి?

ఒక సాయంత్రం కామాక్షమ్మ మా అవ్వ గడపలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, నాతో వస్తావా?"

"యాడికిమే?"

"గుంట కాడికి. ఆయనే అయితే ఒక మాట అడగాల."

"ఏమడుగుతావు?"

"నన్నొదిలి పోయినావా, ఈడనే ఉన్నావా అని."

ఆ మాటకు మా అవ్వ కాదనలేకపోయింది.

చీకట్లో ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచినారు. ముందు వాసన తగిలింది. తర్వాత ఊపిరి... దగ్గరగా... ఇంకా దగ్గరగా... గుంట పక్కన రేకుల దడి ఉంది. దాని సందులోంచి ఎర్రటి వెలుగు.

మా అవ్వ సందులోకి కన్ను పెట్టింది.

ఒక తొట్టి. అందులోంచి నల్లటిదేదో ఉబ్బుతోంది. మెరుస్తోంది. అంచు దాటి కిందికి జారుతోంది. దాని మీదికి వంగి ఒక మనిషి... ముఖమంతా నలుపు, కళ్లు మాత్రం తెలుపు.

మా అవ్వ వెనక్కి జరిగింది. కామాక్షమ్మ మాత్రం దడి తోసుకుని లోపలికి పోయింది.

"మామా... నువ్వేనా?"

ఆ మనిషి ఉలిక్కిపడి చేతిలో చెక్క జారవిడిచినాడు.

"ఎవరమ్మా మీరు?"

పోలేరయ్య గొంతు కాదు. ప్లాంటుకు కొత్తగా వచ్చిన కెమిస్టు, జ్ఞానప్రకాశం.

లాంతరు పైకెత్తి ఆయన చెప్పినాడు. నీళ్లలో కలిసిపోయిన బొగ్గు పొడిని రాబట్టే పని అది. కాస్త కిరసనాయిలు, రెండు చుక్కల నీలగిరి తైలం వేసి, అడుగునుంచి పంపుతో బుస్ బుస్‌మని గాలి కొడితే నురుగు లేస్తుంది. బొగ్గు పొడి బుడగలకు అంటుకుని పైకొస్తుంది, మన్ను కిందనే ఉండిపోతుంది. పంపును నడిపే ఇంజను పగలు బొగ్గు కడిగేదానికే సరిపోతుంది కాబట్టి, ఆయన పని చీకటిపడినాకే.

కామాక్షమ్మ నేల మీద కూలబడింది.

"అయ్యా, ఈ గుంటంతా తోడేస్తారా?"

"పని కుదిరితే... అడుగుదాకా తోడతాం."

"కుదిరేట్టు చెయ్యండయ్యా," అని చేతులు జోడించింది.

పని కుదిరింది. కామాక్షమ్మ అక్కడే కూలికి చేరింది. చెక్కతో నురుగు తీసేది ఆమే. గుంట రోజురోజుకూ దిగిపోతుంటే ఆమె తిండి మానేసింది. అడుగున ఏమీ లేకపోతే మొగుడు తనను వదిలేసినట్టు. ఉంటే... ఉన్నట్టు.

వానలకు ముందు, గట్టు వైపు మూలలో పోలేరయ్య కనబడినాడు. బొగ్గు బురద పట్టి ఉంచిందేమో, మనిషి మనిషిలాగే ఉన్నాడు, నల్లగా. మొలతాడులో వెండి తాయెత్తు చూసి కామాక్షమ్మ గుర్తుపట్టింది.

"పోలేదు. నన్ను వదిలి యాడికీ పోలేదు," అనింది. అప్పుడు ఏడ్చింది. మేస్త్రీ తల దించుకుని పక్కకు పోయినాడు.

నలుగురు దిగి పైకి లాగబోయినారు. రాలేదు.

"ఆగండి!" అని అరిచినాడు జ్ఞానప్రకాశం. చేత్తో బురద తోసినాడు.

పోలేరయ్య మణికట్టును ఇంకో చెయ్యి పట్టుకుని ఉంది.

కింద ఇంకో మనిషి.

పాలెంలో ఎవరూ తప్పిపోలేదు. ప్లాంటులో లేదు, బోగోలులో లేదు. పోలీసులు నెల్లూరుదాకా విచారించినారు. వాడు మావాడని ఎవరూ రాలేదు.

"మా ఆయన వాణ్ణి కాపాడబోయి దూకినాడు," అనింది కామాక్షమ్మ. ఇద్దరికీ కలిపే దినాలు చేసింది.

మా అవ్వ ఆమెకు ఎదురు చెప్పలేదు. కానీ ఆ రోజు గట్టు మీద నిలబడి ఆ చేతుల్ని బాగా చూసింది. పోలేరయ్య వేళ్లు విడిపోయి, విడిపించుకోబోయినట్టు చాచుకుని ఉన్నాయంట...

పట్టు మాత్రం ఆ రెండోవాడిదే.