శీర్షిక కింద వేలిముద్ర

"నిప్పుల కుంపటి! 43 డిగ్రీల ఎండకు జనం విలవిల!"

కూర్మనాథం గొంతు పెంచి ఆ శీర్షిక చదవగానే హాలంతా గొల్లుమంది. "అది శీతాకాలమాండీ?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. ఆ రోజు బయట యాభై రెండు డిగ్రీలు. అందరూ ఒంటికి చలువ చొక్కాలు తొడుక్కుని వచ్చినవాళ్లే.

అది 2096. విశాఖలోని పాత పత్రికల ప్రదర్శనశాలలో ప్రతి ఆదివారం ఉదయం "శీర్షికల నవ్వుల గంట" జరిగేది. అప్పటికి వార్తంటే చెవిపూసలో ఎవరికి నచ్చింది వాళ్లకు వినిపించేదే. ఊరందరికీ కలిపి ఒకే కాగితం మీద, అంతంత లావు అక్షరాలతో అచ్చేసి పంచేవారంటేనే జనానికి నవ్వొచ్చేది. కూర్మనాథం "రేపే కుళాయిల్లో నీళ్లు: మంత్రి" అని చదివేవాడు. తర్వాత మూడేళ్ల అవతలి కాగితం తీసి, ముఖం ఏమాత్రం మార్చకుండా, "రేపే కుళాయిల్లో నీళ్లు: మంత్రి" అని మళ్లీ చదివేవాడు. సొరకాయలో వినాయకుడు వెలిశాడన్న వార్తకు పిల్లలు కూడా కింద పడి నవ్వేవాళ్లు.

ఎక్కువ చప్పట్లు పడేది మాత్రం ప్రాసలకే. ఆనాటి సబ్‌ఎడిటర్లకు ఒక అలవాటుండేది. చావు వార్త చేతికొచ్చిందంటే మొదటి అక్షరాలు కలిసేదాకా కలం కింద పెట్టేవారు కాదు.

"కాలయముడైన కంటైనర్... కాలువలో కడతేరిన కల్యాణ బృందం!"

జనం పొట్టలు పట్టుకున్నారు. కూర్మనాథం నవ్వలేదు. ఆ మాటకొస్తే ఆయనకు నవ్వే కాదు, మూడు నెలలుగా ఏదీ రావడం లేదు.

మూడు నెలల కిందట ఆయన భార్య ఇందుమతి పోయింది. పదకొండో రోజు కర్మ అయింది. పన్నెండో రోజు ఆయన ఇదే వేదికెక్కి సొరకాయ శీర్షిక చదివాడు. కంట చుక్క నీరు రాలేదు. మరదలు పదిమందిలో కడిగేసింది: "ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి పోతే అలాగ చూస్తూ కూకున్నావేటి బావా? అసలు మా అక్కంటే నీకు ఇష్టమేనా?" ఆ మాట ఆయనలో నాటుకుంది. బహుశా తను ఇందుమతిని ప్రేమించనే లేదేమో. అలవాటుపడి బతికేశాడేమో. ఈ అనుమానం ఒక్కటే ఆయనను పట్టుకుని వదలడం లేదు.

జనం వెళ్లిపోయాక, పాత కాగితాల కోసం వచ్చిన డాక్టర్ చారుశీల తన పెట్టె తెరిచింది. ఆమె నాడీ శాస్త్రవేత్త. ఆమె తయారు చేసిన యంత్రం పేరు స్వేదగ్రాహి. మనిషికి భయం వేసినా, సంతోషం కలిగినా, దుఃఖం వచ్చినా ఒంట్లో హార్మోన్లు మారతాయి, వాటి జాడ వేళ్ల చెమటలోకి దిగుతుంది. పాత పత్రికల కాగితం మహా పీల్చుడు రకం. ఆ చెమటను దశాబ్దాల పాటు దాచుకుంది. స్వేదగ్రాహి సెన్సర్లు దాన్ని చదివి, తలకు కట్టుకున్న పట్టీ ద్వారా ఆనాటి పాఠకుడి మనసును ఈనాటి మనిషికి అందిస్తాయి.

"మనసు మొద్దుబారినవాళ్ల కోసం చేశానండీ," అంది చారుశీల. "ఏడుపు రానివాళ్లకు ఒకప్పుడు ఏడ్చినవాళ్ల ఏడుపు ఎక్కించాలి, రక్తం ఎక్కించినట్టు. అందుకు బాగా విషాదమైన వార్త కావాలి."

"అయితే నాకే ఎక్కించమ్మా," అన్నాడు కూర్మనాథం. "వార్త ఇదుగో, ఇందాకటి కంటైనర్‌ది. ఏడుగురు పోయారు. పల్లెటూరి గ్రంథాలయం ప్రతి. ఊరంతా చదివుంటారు."

యంత్రం కాగితాన్ని తడిమి అరవై రెండు మంది వేళ్లను గుర్తించింది. కూర్మనాథం పట్టీ కట్టుకుని, భార్య కోసం ఏడుపొస్తే తుడుచుకుందామని దాచుకున్న జేబురుమాలు కూడా చేతిలోకి తీసుకున్నాడు.

మొదటి మనసు వచ్చింది. ఆయన ముఖం చిట్లించాడు.

"ఏమనిపిస్తోంది?"

"హమ్మయ్య అనిపిస్తోందమ్మా."

"అంటే?"

"మన ఇంటివాళ్లు కాదు కదా, హమ్మయ్య అని."

రెండో మనిషీ అంతే. పదో మనిషీ అంతే. ఒకాయనకు ఆటల పేజీ ఎవరు ఎత్తుకుపోయారన్న కోపం తప్ప ఇంకేం లేదు. ఇరవయ్యో మనిషికి వార్త చదువుతుంటే ఆకలేసింది. చారుశీల ముఖం పాలిపోయింది. ఆరేళ్ల శ్రమ మరి. పోనీ రాసినవాడి మనసైనా చూద్దామని, అచ్చుకు ముందు సబ్‌ఎడిటర్ దిద్దిన అదే పేజీ ప్రూఫు కాగితాన్ని అరలోంచి తీసింది.

పట్టీ వెచ్చబడింది. కూర్మనాథం మూడు నెలల్లో మొదటిసారి పళ్లు బయటపెట్టాడు. అది ఆయన నవ్వు కాదు, ఏనాడో పోయిన సబ్‌ఎడిటర్‌ది. "ఐదు 'క'లు పడ్డాయని మురిసిపోతున్నాడమ్మా మహానుభావుడు," అన్నాడు. మనసు దాటిపోగానే నవ్వూ పోయింది.

"ఇంక చాలండీ. ఇందులో దుఃఖం లేదు," అంది చారుశీల నీరసంగా. "మనుషులు ఇంతే కాబోలు."

"అరవై రెండన్నావు. మిగిలినవాళ్లను కూడా చూసెయ్."

చూశారు. అందరిదీ అదే హమ్మయ్య. అరవై రెండో వేలు మాత్రం శీర్షిక మీద లేదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మృతుల జాబితాలో, "బెవర రత్నాలు, 34" అన్న పేరు మీద ఉంది. అక్కడ సిరా అలుక్కుపోయింది. ఆ వేలు ఆ పేరు మీద దాదాపు గంటసేపు ఆగిందని యంత్రం లెక్క తేల్చింది. చారుశీల ఆశగా ముందుకు వంగింది.

తెర మీద సున్నా పడింది.

"ఏమీ లేదు, పూర్తిగా ఖాళీ," అంటూ ఆమె మీటలు నొక్కింది. "గంటసేపు వేలు పెట్టిన మనిషి ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాడండీ? సెన్సర్ చెడిపోయుంటుంది. తీసెయ్యండి, బాగు చేసి తెస్తాను."

కూర్మనాథం పట్టీని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"చెడిపోలేదమ్మా."

"సున్నా చూపిస్తోంది కదా?"

"ఇది నాకు తెలుసు. మూడు నెలల నుంచి నాలో ఉన్నది ఇదే." ఆయన గొంతు ఎప్పటిలాగే చదునుగా ఉంది. "ఈ రత్నాలమ్మ పెనిమిటి అయ్యుంటాడు. హమ్మయ్య అనుకోవడానికి ఈయన ఒక్కడికే వీల్లేకపోయింది."

చారుశీల ఆయన వైపు, తెర మీది సున్నా వైపు చూసింది. మీట మీంచి చెయ్యి తీసేసింది.

"కాసేపు అలాగుండనీ తల్లీ," అన్నాడు కూర్మనాథం. "ఆయనా నేనూ కూర్చుంటాం."

ఆ రోజు కూడా ఆయనకు ఏడుపు రాలేదు. అందుకు సిగ్గుపడటం మాత్రం మానేశాడు.