మూడో సూచన కింద ఎర్ర గీత

విమానాశ్రయంలో పోలీసులు కాల్చి చంపేసిన విదేశీ ఏజెంట్ జేబులో పాస్‌పోర్ట్ లేదు, ఫోన్ లేదు. ఒక్క కరపత్రం ఉంది. ‘సింగపూర్ సందర్శకులకు అవసరమైన వివరాలు.’ మూడో సూచన కింద ఎర్ర గీత.

"ఇది నువ్వు రాసిందేగా?" గూఢచారి శాఖ చీఫ్ లిమ్ దాన్ని బల్ల మీదికి విసిరాడు.

ఏజెంట్ రోస్నాకి ఒళ్ళు మండింది. టూరిస్టు కౌంటర్లో గుమాస్తాగా పన్నెండేళ్ళ మారువేషం ఆమెది. భోజనశాలలో కుర్చీ మీద గానీ బల్ల మీద గానీ టిష్యూ ప్యాకెట్ ఉంటే ముట్టుకోకండి, అది ఎవరో ఆపుకున్న చోటు అని ఆ మూడో సూచన రాసింది తనే.

"మూడంటే మూడో గేటు," అన్నాడు లిమ్. "ఒంటిగంటకి ఏటిగట్టు హాకర్ సెంటర్ భోజనశాలలో విషవాయువు వదులుతారు. కబురు తెచ్చింది వివియన్."

వివియన్ కో. చచ్చినవాడి ముఠాలో ఉంటూ మనకి పనిచేసే మనిషి. ఎర్ర పట్టు గౌను, లిప్‌స్టిక్‌లో కెమెరా.

"జనాన్ని ఖాళీ చేయించండి సార్!"

"చేయిస్తే ముఠా జారుకుంటుంది."

"మా అమ్మాయి సుహైలా రోజూ అక్కడే తింటుంది!"

"దానికి ఫోన్ చేశావో, ఉద్యోగం ఊడుతుంది."

నీకు పిల్లలుంటే తెలిసేది, అనుకుంది రోస్నా పళ్ళు కొరుకుతూ.

పన్నెండుంబావు. మూడో గేటు దగ్గర క్లీనర్ వేషంలో రోస్నా బల్లలు తుడుస్తోంది. వివియన్ లోపలంతా ఓ చుట్టు చుట్టి వచ్చింది.

"గేటు వదిలి కదలకు అక్కా. నేను కారులో ఉంటా."

"లక్సా నూడుల్స్ తినవూ?"

"ఆకలిగా లేదు."

పన్నెండూ యాభై తొమ్మిది. ట్రేతో సుహైలా వచ్చింది. ఎక్కడా చోటు లేదు. స్తంభం పక్క బల్ల ఒక్కటే ఖాళీ, దాని మీద టిష్యూ ప్యాకెట్. సుహైలా కూర్చోలేదు. దాని పక్కనే బుద్ధిగా నిలబడింది. తల్లి నేర్పిన బుద్ధి!

రోస్నా చేతిలో గుడ్డ ఆగింది. పావుగంట క్రితం ఆ ప్యాకెట్ చుట్టూ తుడిచింది తనే. ఇంత రద్దీలో ఇంతసేపు చోటు ఆపితే ఈ ఊరివాళ్ళు శాపనార్థాలు పెడతారు. తిడతారే గానీ, ప్యాకెట్ మాత్రం ముట్టుకోరు. ముఠాకి కావలసిందీ అదే; ఎర్ర గీత గేటు గురించి కాదు, ఈ ప్యాకెట్ గురించే. పైగా ఏడేళ్ళలో లక్సా వదలని వివియన్‌కి ఇవాళే ఆకలి లేదు!

పరుగెత్తింది. ప్యాకెట్ లాక్కుంది.

"ఏయ్ ఆంటీ! కళ్ళు కనబడట్లేదా? అది ఎవరిదో!" ఒక ముసలాయన అరిచాడు.

"క్లీనర్లకి కూడా పొగరే," ఇంకొకావిడ.

"అమ్మా! నువ్వా? పరువు తీస్తున్నావ్!" సుహైలా.

"నోర్ముయ్యండి అందరూ!"

టిష్యూల మధ్య గాజు గొట్టం, ఎర్ర అంకెలు. నాలుగు. మూడు. గోరు దూర్చి బఠాణీ గింజంత బ్యాటరీని పీకేసింది. ఒకటి దగ్గర ఆగింది.

వివియన్ కారులోనే దొరికింది, లిప్‌స్టిక్ మీద గ్యాస్ మాస్క్‌తో.

"శభాష్," అన్నాడు లిమ్.

"మీ శభాష్ మీ దగ్గరే ఉంచుకోండి. నా కూతురు దాని పక్కనే నిలబడింది."

మర్నాడు కరపత్రంలో మూడో సూచన కింద రోస్నా ఒక వాక్యం చేర్చింది: ‘పది నిమిషాలైనా మనిషి రాకపోతే, ఆ టిష్యూతో ముక్కు తుడుచుకుని కూర్చోండి.’