పెదవి మీద గ్రహణం

ఆదివారం పొద్దున్నే గోవిందమ్మ ఆవకాయ జాడీల మీద దర్భలు వేస్తూ, పాలు పోసే ఆవిడతో వీధంతా వినపడేలా చెబుతోంది.

"రాత్రికి సంపూర్ణ చంద్రగ్రహణం. మా తేజస్వికి ఏడో నెల కదా, గదిలోంచి కదలనివ్వను. అప్పుడు మా కోడలు మాట వినలేదు. చూశావుగా పిల్ల పెదవి!"

వంటింట్లో హరిత చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్లుగా వింటున్న మాటే. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట అత్తగారు చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెడితే, గుక్కెడు మంచినీళ్లు కూడా అడగలేదు. దోమ కుడితే మాత్రం మూతి దగ్గర గోక్కుంది. తెల్లారి ఆ సంగతి అమాయకంగా తనే చెప్పింది. హాసిని గ్రహణం మొర్రితో పుట్టింది. విజయవాడలో ఆపరేషన్ చేయించాక పెదవి మీద సన్నటి గీత మిగిలింది. గోక్కోవడానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పినా, హరిత ఆనాటి నుంచి గోళ్లు పెరగనివ్వదు.

"అమ్మా, నువ్వు గోక్కోకపోతే నా పెదవి బాగుండేదా?" అంది హాసిని.



రాత్రి భర్త వద్దంటున్నా పాపను డాబా మీదకు తీసుకెళ్లింది. మామిడి తోట మీద చంద్రుడు ఒక అంచు నుంచి తరిగిపోతున్నాడు. తెలుపు బూడిదరంగయింది. కాసేపటికి ఆ బూడిద రంగు కూడా పోయి, చంద్రుడు రాగి రంగుకు తిరిగాడు.

"కాల్చిన ఇటుకలా ఉందమ్మా!"

"ఏదీ, నన్నూ చూడనీ!" వెనకాల ఆడపడుచు తేజస్వి. గదిలో ఉక్క భరించలేక మెట్లెక్కి వచ్చేసింది.

గోవిందమ్మ రొప్పుతూ వెనకే వచ్చింది. ఎర్రటి చంద్రుడి కింద కూతుర్ని చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది. అయినా తిట్టలేదు, వీపు నిమిరింది.

"ఏం కాదులేమ్మా, కంగారుపడకు. ఇవన్నీ పాతకాలం మాటలు. డాక్టర్లే ఏం కాదంటున్నారుగా!"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. కూతురు కొడితే అసలది కుండే కాదు. హరితకు ఒళ్లు మండిపోయింది.

"ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా? డాక్టరు మీ ముందేగా చెప్పింది?"

"ఇప్పుడా గొడవెందుకే, కడుపుతో ఉన్న పిల్ల ముందు..."

"అప్పుడు నేనూ కడుపుతో ఉన్నదాన్నేనండీ! నా కూతురు ఇవాళ నన్నే అడిగింది, నీవల్లేనా అని. తేజస్వికి ఏమీ కాదంటే నాదీ తప్పు కాదు. నాది తప్పే అయితే, తనని ఇప్పుడే కిందకు తీసుకెళ్లండి. రెండూ కుదరవు."

"చెప్పమ్మా," అంది తేజస్వి మెల్లగా.

గోవిందమ్మ కూతురి కడుపు వంక, మనవరాలి పెదవి వంక చూసి పిట్టగోడ పక్కన చతికిలబడింది.

"ఆ రాత్రి గది బయట కాపలా కూర్చుంది నేనే. నీ తప్పు కాకపోతే నాదేనేమోనని భయమేసేది. అందుకే..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మనవరాలి వైపు తిరిగింది. "మీ అమ్మ తప్పేం లేదే తల్లీ."

ఆరేళ్లు ఎదురుచూసిన మాట. తీరా వచ్చాక హరితకు చేదుగానే ఉంది. అత్తగారిని ఓదార్చబుద్ధి కాలేదు.

చంద్రుడి అంచున తెల్లటి వెలుగు మొదలైంది. హాసిని అటు చూడలేదు.

"అందరికీ చెప్తావా నాయనమ్మా?"

"చెప్తానమ్మా," అంది గోవిందమ్మ, వినీ వినపడకుండా.

"అలా కాదు. ఎప్పుడూ చెప్పేటంత గట్టిగా."

పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడకూడదని రోజూ నేర్పే హరిత, కూతుర్ని ఆపలేదు.