నడవ లైటు

"పిట్టా, తలుపు తియ్యవే! ఎలక్ట్రీషియన్ వచ్చినట్టున్నాడు" అని గదిలోంచి నాయనమ్మ కేకేసింది.

పిట్ట ఐదో తరగతి. పొద్దస్తమానం కిచకిచలాడుతూ ఉంటుందని నాయనమ్మే ఆ పేరు పెట్టింది. ఆ పిల్ల నోట్లో నువ్వు గింజ నానదు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. ఒక్క లైటు కోసం ఎలక్ట్రీషియన్ ఎక్కడ వస్తాడు? అందుకని నాలుగు పనులు పోగయ్యాకే పిలుస్తారు. ఈసారి పోగయ్యేసరికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్ళూ నాయనమ్మ గది నుంచి బాత్‌రూమ్‌కు వెళ్ళే నడవలో లైటు లేదు. కిటికీ లేని నడవ కాబట్టి అక్కడ పట్టపగలే చీకటి.

అమ్మ ఆఫీసుకు వెళ్తూ ఒకటికి రెండుసార్లు చెప్పింది. "ముందు నడవ లైటు. తర్వాత ఫ్యాన్ రెగ్యులేటర్. టైముంటేనే నీ ప్లగ్గు. గుర్తుంటుందా?"

గుర్తు లేకేం! కానీ మంచం పక్కన ప్లగ్గు ఉంటే, చార్జింగ్ పెట్టుకుని హాయిగా పడుకుని ట్యాబ్‌లో బొమ్మలు చూడొచ్చు. పిట్టకు ఆ ప్లగ్గు మీదే ధ్యాస.

"ఏ పని ముందు చెయ్యమంటావమ్మా?" అని అడిగాడు ఎలక్ట్రీషియన్.

"నా ప్లగ్గు అంకుల్!"

"అమ్మగారు ఫోన్లో నడవ లైటు ముందన్నారే?"

"అది తర్వాత చేసినా పర్లేదంది అంకుల్."

అబద్ధం ఎంత సులువుగా వచ్చేసిందో! పక్క గదిలో నాయనమ్మ దగ్గింది.

ఆ గోడ మహా మొండిది. డ్రిల్లు గీపెట్టింది, పెచ్చులు ఊడాయి, దుమ్ము లేచింది. ఎంతకీ తెమల్లేదు. ప్లగ్గు బిగించేసరికి ఎలక్ట్రీషియన్ ఫోను మోగింది.

"పక్క వీధిలో మోటారు ఆగిపోయిందట. బిల్డింగ్ మొత్తానికి నీళ్ళు లేవు. ఎల్లుండి వచ్చి మిగతావి చేస్తానమ్మా" అని సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

"పోనీలే, గోడ పట్టుకుని నడుస్తా. అలవాటేగా" అంది నాయనమ్మ.

పిట్ట మంచమెక్కి ట్యాబ్ పెట్టుకుంది. బొమ్మ సగంలో ఉండగా నడవలో ధబ్బుమని చప్పుడైంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే నాయనమ్మ బాత్‌రూమ్ గడప తట్టుకుని కింద పడి ఉంది.

కుడిచేతి మణికట్టు ఎముక చిట్లింది. పిట్ట ఫోన్ చేస్తే అమ్మ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సాయంత్రం నాయనమ్మ కట్టుతో ఇంటికి వచ్చింది. తన చీర కుచ్చిళ్ళు తను పెట్టుకోలేదు, తన జుట్టు తను ముడేసుకోలేదు.

అమ్మకు కోపం ఆగలేదు. "ముందు అదే చెయ్యమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను! ఇంకెప్పుడూ అతన్ని గుమ్మం తొక్కనివ్వను."

"పాపం, టైము చాల్లేదులే" అంది నాయనమ్మ, పిట్ట వైపు చూడకుండా.

పిట్ట తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నాయనమ్మకు అంతా తెలుసు. తెలిసీ తనను కాపాడుతోంది. అది మరీ భరించలేకపోయింది.

"అంకుల్ తప్పు కాదమ్మా. నేనే అబద్ధం చెప్పి నా ప్లగ్గు ముందు పెట్టించుకున్నాను" అని ఏడ్చేసింది.

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెప్పినట్టే ఎలక్ట్రీషియన్ మూడో రోజు వచ్చాడు. ఈసారి ఎవరూ చెప్పకముందే పిట్ట అతన్ని నడవలోకి తీసుకెళ్ళింది. అతను మెయిన్ ఆపి, కాలిపోయిన హోల్డరు విప్పి, కొత్తది బిగించి, బల్బు పెట్టాడు. మెయిన్ వేసి స్విచ్ నొక్కగానే నడవంతా వెలుగొచ్చింది.

"ఇంతేనా అంకుల్?" అంది పిట్ట.

"ఇంతేనమ్మా. చాలా చిన్న పని."

అంత చిన్న పని! ముందు చేయించి ఉంటే తన ప్లగ్గుకు కూడా టైముండేదేమో.

అప్పుడే నాయనమ్మ నడవలోకి వచ్చింది. పిట్ట వెళ్ళి ఆమె ఎడమచేయి పట్టుకుంది.

"లైటుందిగా, నేను పోతాలేవే."

"ఉండనీ నాయనమ్మా" అంది పిట్ట. గడప దాటేదాకా చేయి వదల్లేదు.