చూద్దాంగారి అమ్మాయి

పొద్దున్న ఏడింటికే ఆ ఇంటి వసారా నిండిపోయింది. ఎమ్మెల్యేగారికి అర్జీలు ఎంత అలవాటంటే, గోడమీద బల్లి కదిలినా "నీకేం కావాలి?" అని అడిగేవాడు. ఎవరేం అడిగినా జవాబు మాత్రం ఒకటే: "చూద్దాం." అది అవుననీ కాదు, కాదనీ కాదు. ఆ ఒక్క మాటతో ఐదు ఎన్నికలు గెలిచాడు. పన్ను పీకమంటారా అని పళ్ళ డాక్టరు అడిగినా చూద్దాం అన్నాడట. ఆ పన్ను ఇప్పటికీ ఊగుతూనే ఉంది. చాటున జనం ఆయన్ని చూద్దాంగారు అనేవారు.

కూతురు కళ్ళ డాక్టరు. ఆస్పత్రికి బయల్దేరి గేటు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా కొత్త ఫ్లెక్సీ. నాన్న పక్కన గుమ్మమంత తన మొహం, కింద "మన కాబోయే ఎమ్మెల్యే". కారు తలుపు తీసేలోపే జనం చుట్టుముట్టారు. ముందుకీ దారి లేదు, వెనక్కీ లేదు. ఓ ముసలాయన నాలుగు మడతల కాగితం చేతిలో పెట్టాడు.

"డాక్టరమ్మా, మా వీధికి నీళ్ళ గొట్టం కావాలి. మీ నాన్నకి ఆరుసార్లు ఇచ్చాను. ఇక నువ్వే దిక్కు."

ఎలాగైనా బయటపడాలని నోటికొచ్చింది అనేసింది.

"చూద్దాం తాతా."

"అచ్చం నాన్నే!" జనం చప్పట్లు కొట్టారు. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ ఇంట్లోకి వచ్చేసింది.

"ఎవర్నడిగి వేయించావు నాన్నా నా బొమ్మ?"

"పార్టీ పెద్దాయన పట్టుబట్టాడు తల్లీ. నా మోకాళ్ళు ఇక తిరగనివ్వవు. మనింట్లోవాళ్ళు నిలబడకపోతే టిక్కెట్టు అవతలివాడికి పోతుంది."

"నేను రానని మొన్ననే చెప్పానుగా!"

"చెప్పావు. చూద్దామన్నానుగా."

వంటింట్లోంచి తల్లి అందుకుంది. "పెళ్ళైన కొత్తలో ఒక్కసారి సముద్రం చూపించమన్నాను. నాకూ అదే జవాబు."

"ఆస్పత్రిలో నేను చూద్దాం అంటే, గడ్డం పట్టుకుని, కంట్లో లైటు వేసి చూస్తాను నాన్నా. ఇవాళ కాగితం మడతైనా విప్పకుండా అదే మాట అన్నాను. ఒక్క పూటకే నా నోరు ఇలా అయిపోతే..."

ఇంతలో ఫోను మోగింది. పెద్దాయన.

"పదింటికి అమ్మాయి పేరు ప్రకటిస్తున్నాం. సరేనా?"

"చూ..." అక్కడే ఆగిపోయాడు. ఊగే పన్నుని నాలుకతో తడుముకున్నాడు. కూతురి వైపు చూశాడు.

"కుదరదండీ."

"టిక్కెట్టు పోతుంది, తెలుసుగా?"

"పోనివ్వండి."

ఆ మాటకి వంటింట్లో గిన్నె దానంతటదే కిందపడిందని ఆయన భార్య ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

"ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా." మడతలు విప్పాడు. దూరంగా పెట్టాడు, దగ్గరగా పెట్టాడు. "అక్షరాలు అలుక్కుపోయాయేమిటే?"

కూతురు ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురుకు తిప్పింది.

"కళ్ళలో ఈ నీళ్ళు ఎప్పట్నుంచి నాన్నా?"

"ఇప్పుడే తల్లీ."

"కదలకు," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "చూద్దాం."