కండువా చాటు ధర

మామిడికాయల లారీలు నూజివీడు రోడ్ల మీద బారులు తీరే రోజులవి. డిటెక్టివ్ పున్నారావు ఆఫీసులోకి యోగిత అడుగు పెట్టేసరికి ఆ పిల్ల మొహాన నెత్తుటి చుక్క లేదు. అసిస్టెంటు లలిత గబగబా మంచినీళ్ళు అందించింది.

"ఊరంతా నన్ను దొంగంటున్నారండీ. ఇది తేలకపోతే మా చెక్‌డ్యామ్‌కి గ్రాంటూ రాదు, నేను తలెత్తుకోనూ లేను."

రెడ్డిగూడెం మామిడి రైతుల సంఘానికి ఆమె కార్యదర్శి. బోర్లు ఎండిపోతుంటే, వాగు మీద చెక్‌డ్యామ్ కోసం సర్కారు వారి పర్యావరణ గ్రాంటుకు అర్జీ పెట్టుకుంటున్నారు. దానికో షరతు ఉంది. కాంట్రాక్టర్లు ఒకరి ధర ఒకరికి తెలియకుండా కవర్లో పెట్టి ఇవ్వాలి, తక్కువ రాసినవాడికే పని.

"సంఘం షెడ్డులో అందరి ఎదుటే రాయించామండీ. ఫోన్లు కూడా తీసేసుకున్నాం. ముందు అరవింద్‌గారు రాసి, కవరు అంటించి ఇచ్చారు. ఆఖర్న సువర్ణరాజుగారు. తీరా విప్పితే ఈయనది ఆయనకన్నా పిసరంత తక్కువ! కవర్లు నా దగ్గరున్నాయి కాబట్టి నేనే చెప్పానని అరవింద్‌గారు ఊరంతా చాటారు."

"అంటించింది అంటించినట్టే ఉందా?"

"అరవింద్‌గారే చూసి విప్పారండీ."

"ఆయన రాస్తుంటే పక్కనెవరు?"

"మా ప్రెసిడెంటు నారాయణరావుగారు. ఆయన పెదవి విప్పితే ఒట్టు. అందరికీ రసాలు పెట్టారు. సువర్ణరాజుగారు రాయబోతే చెయ్యి జిగటగా ఉందని తన కండువాతో తనే తుడిచారు, అంత మర్యాదస్తులు!"

"కాంట్రాక్టుల ముందు సువర్ణరాజు ఏం చేసేవాడు?"

"మామిడి తోటలు గుత్తకు కొనేవారండీ."

పున్నారావు కళ్ళు మూసుకున్నాడు. ఇక తేలిపోయినట్టేనని లలితకు తెలుసు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆమెకది వింతగానే ఉంటుంది.

మర్నాడు షెడ్డులో అందరూ చేరారు. పున్నారావు కబుర్లాడుతూనే సువర్ణరాజు చేతి మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు నొక్కాడు.

"ఎంత?"

"ముప్పై అయి..." అని సువర్ణరాజు ఠక్కున నాలిక్కరుచుకున్నాడు.

"మా నాన్న మామిడి కొట్లో బేరాలన్నీ ఇలాగే, గుడ్డ చాటున వేళ్ళు నొక్కి అంకెలు చెప్పుకోవడమే. చుట్టూ ఎందరున్నా ధర ఆ ఇద్దరికే తెలిసేది," అన్నాడు పున్నారావు.

లలితకు ఆ కొట్లు కళ్ళ ముందు మెదిలాయి. గడ్డిలో మగ్గే పళ్ళ వాసన, తువ్వాలు కింద కదిలే వేళ్ళు, ఎంతకు తెగిందో మొహాలు చూసి పందేలు కాసే పిల్లలు. ఇప్పుడా వ్యాపారమంతా ఫోన్లలోనే.

"చెయ్యి తుడిస్తే నేరమా?" అన్నాడు నారాయణరావు.

"అంటించిన కవర్లో ఏముందో యోగితకెలా తెలుస్తుందండీ? అరవింద్ రాస్తుంటే చూసింది మీరు. సువర్ణరాజు రాసేముందు అతని చెయ్యి పట్టుకున్నదీ మీరే."

"వాటా ఇస్తానన్నానండీ, ఆయనే ఒప్పుకున్నారు," అనేశాడు సువర్ణరాజు. నారాయణరావు తల వంచుకున్నాడు.

"తప్పైపోయిందమ్మా," అన్నాడు అరవింద్ యోగితతో.

"తప్పు సరే, ఊరంతా చాటారుగా. మళ్ళీ చాటండి," అంది యోగిత, కళ్ళు తుడుచుకుంటూ. ఈసారి కాంట్రాక్టర్లను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ధరలు రాయించాలని రైతులు అక్కడికక్కడే తీర్మానించారు.

తిరుగు దారిలో లలిత నవ్వింది. "చెయ్యి పట్టుకోగానే బుట్టలో పడ్డాడండీ!"

పున్నారావు నవ్వలేదు.

"మా నాన్న పోయాక ఆ భాషలో నాకు బదులిచ్చినవాడు ఆ దొంగొక్కడే, లలితా."